ఫంగస్ పుండు మానుతున్నా చూపు ఎందుకు తగ్గుతుంది? ఇందులో మన రోగనిరోధక వ్యవస్థ పాత్ర ఎంత?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. 38 ఏళ్ల మనిషి, షుగర్ లేదు, ఇంతకుముందు పెద్ద జబ్బులేవీ లేవు. పంట కోస్తుంటే ఆకు అంచు కంటికి గీసుకుంది. వారం తిరక్కుండానే నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపించింది. పుండును గీకి పరీక్ష చేస్తే ఫ్యుజేరియం అనే ఫంగస్ అని తేలింది. నటామైసిన్ చుక్కలు మొదలుపెట్టి మూడు వారాలైంది. ఎరుపు కాస్త తగ్గింది, చూపు మాత్రం మసకగానే ఉంది. దాని మీద మూడు సందేహాలు: ఒంట్లో రోగనిరోధక శక్తి బాగానే ఉన్నప్పుడు కన్ను ఎందుకు దెబ్బతింటోంది? ఇమ్యూనిటీ పెంచే మందులేమైనా వాడాలా? మంట, వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కలు వేయమంటే డాక్టరు ఎందుకు వద్దంటున్నారు?

ముందు అసలు మాట చెప్పి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. ఈ రకం పుండు వచ్చేవాళ్లలో ఎక్కువమందికి రోగనిరోధక శక్తి మామూలుగానే ఉంటుంది. ఫంగస్‌ను చంపేది ఆ శక్తే. ఆ పోరులో కార్నియాను (నల్లగుడ్డు మీది పారదర్శక పొరను) కరిగించి మచ్చ మిగిల్చేదీ చాలావరకు ఆ శక్తే. అందుకే దాన్ని పెంచాలని చూడటం వల్ల ఉపయోగం లేదు, ఫంగస్ బతికి ఉండగా దాన్ని అణచాలని చూస్తే కన్నే పోవచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అన్న క్రమమే ఇక్కడ వైద్యం మొత్తం.

కార్నియా ఎలాంటిదో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పొర అది. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు, 540 మైక్రాన్లకు అటూ ఇటూ. పైన 50 మైక్రాన్ల ఎపిథీలియం, అంటే 5 నుంచి 7 వరసల కణాలు. దాని కింద, మొత్తం మందంలో దాదాపు 90 శాతం, స్ట్రోమా. ఇది కొలాజెన్ పోగుల కట్ట. ఒక్కో పోగు 25 నుంచి 30 నానోమీటర్ల లావు, పోగుకూ పోగుకూ మధ్య ఎడం దాదాపు సమానం. మగ్గం మీద పడుగు దారాలు ఎంత వరసగా ఉంటాయో ఇవీ అంత వరసగా ఉంటాయి. వెలుతురు చెదరకుండా లోపలికి పోయేది ఈ వరస వల్లనే. చర్మంలో ఉన్నదీ ప్రధానంగా ఇదే జాతి కొలాజెన్. అక్కడ వరస లేదు కాబట్టి చర్మంలోంచి అవతలికి చూడలేం. అంటే కార్నియాలో చూపు నిలబడేది పదార్థం మీద కాదు, పదార్థం అమరిక మీద. అమరిక ఒకసారి చెదిరితే, పోయిన కొలాజెన్ స్థానంలో మళ్లీ కొలాజెన్ వచ్చినా పారదర్శకత తిరిగి రాదు. జనం 'కంట్లో పువ్వు పడింది' అనేది దీన్నే.

ఇంకో విశేషం, ఆరోగ్యంగా ఉన్న కార్నియాలో రక్తనాళాలు ఉండవు. ఆక్సిజన్ కన్నీటి పొర ద్వారా గాలి నుంచి అందుతుంది, పోషకాలు ఎక్కువగా కంటి లోపలి ద్రవం నుంచి వస్తాయి. రక్తం రాని చోటికి రక్షణ కణాలూ తొందరగా రావు. పైగా కన్ను తనంతట తానే రోగనిరోధక స్పందనను అదుపులో పెట్టుకుంటుంది. కంటి లోపలి ద్రవంలో టీజీఎఫ్-బీటా లాంటి అణువులు రక్షణ కణాల దూకుడు తగ్గిస్తాయి. కార్నియా కణాల మీద ఉండే ఫాస్ లైగాండ్ అనే ప్రొటీన్, లోపలికి వచ్చిన తెల్లకణాలు తమంతట తామే చనిపోయేలా చేస్తుంది. 1948లో పీటర్ మెడవార్ కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో, కంటి ముందు గదిలో (కార్నియా వెనక ద్రవం నిండిన ఖాళీలో) పెట్టిన పరాయి చర్మం ముక్క, రక్తనాళాలు దాన్ని చేరనంతకాలం తిరస్కరణకు గురికాలేదు. ఈ సంయమనం చూపు కోసమే. ప్రతి చిన్న నలుసుకూ చీము పట్టేటట్టయితే మనకు చూపే మిగలదు.

ఇప్పుడు ఆకు గీసుకున్న క్షణానికి వద్దాం. ఫంగస్ సిద్ధబీజాలు (స్పోర్లు) గాలిలో, మట్టిలో, ఆకుల మీద ఎప్పుడూ ఉంటాయి, కంట్లోనూ పడుతూనే ఉంటాయి. రెప్పపాటు, కన్నీరు, కన్నీటిలోని లైసోజైమ్, లాక్టోఫెరిన్ అనే రక్షణ ప్రొటీన్లు, వీటికి తోడు చెక్కుచెదరని ఎపిథీలియం వాటిని బయటే ఉంచుతాయి. ఎపిథీలియం చిరిగిందా, ఆకు మీది బీజాలు నేరుగా స్ట్రోమాలోకి చేరుతాయి. ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి, దారాల్లాంటి తంతువులు వేసే ఫంగస్‌లు ఎక్కువగా ఇలాగే వస్తాయి. కార్నియా ఉపరితలం ఒంటి లోపలి వేడికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. అది ఫ్యుజేరియంకు అనువైన చోటు.

నిద్రాణంగా ఉన్న బీజాన్ని మన కణాలు వెంటనే గుర్తుపట్టలేవు. ఆస్పర్‌జిల్లస్ బీజం పైన హైడ్రోఫోబిన్ అనే ప్రొటీన్ తొడుగు, దానికింద మెలనిన్ ఉంటాయి. గోడలోని బీటా-గ్లూకాన్ అనే చక్కెర గొలుసు వాటి చాటున ఉండిపోతుంది. కొన్ని గంటల్లో బీజం తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, తొడుగు పగులుతుంది, మొలక బయటికి వస్తుంది. అప్పుడు బీటా-గ్లూకాన్ బయటపడుతుంది. కాపలా కణాలైన మాక్రోఫేజ్‌ల మీద ఉండే డెక్టిన్-1 అనే గ్రాహకం దానికి అతుక్కుంటుంది. అక్కడి నుంచి సిక్, కార్డ్-9 అనే ప్రొటీన్ల మీదుగా సంకేతం కణ కేంద్రకానికి చేరి, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-8 లాంటి పిలుపు అణువులు విడుదలవుతాయి. ఈ పిలుపు అందుకునేది నల్లగుడ్డుకూ తెల్లగుడ్డుకూ మధ్య అంచులో ఉన్న రక్తనాళాలు. కన్ను ఎర్రబడటం అంటే ఈ నాళాలు ఉబ్బి తలుపులు తెరవడమే. వాటిలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు స్ట్రోమా పోగుల మధ్య దూరుకుంటూ మచ్చ వైపు నడుస్తాయి. ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో మొదటి ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాలో వీటి గుంపు కనిపిస్తుంది. మనుషుల పుండ్ల నుంచి తీసిన నమూనాల్లోనూ న్యూట్రోఫిల్స్‌దే మెజారిటీ. మీరు చూసిన తెల్ల మచ్చలో ఫంగస్ కొంతే, చాలావరకు ఈ కణాల రాశి.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. బాక్టీరియా అయితే న్యూట్రోఫిల్ దాన్ని మింగి, తన కడుపులోనే చంపుతుంది. విషమంతా సంచిలోనే ఉంటుంది, చుట్టుపక్కల పెద్దగా నష్టం ఉండదు. ఫంగస్ బీజాన్నీ అలాగే మింగగలదు. కానీ తంతువు? న్యూట్రోఫిల్ అడ్డుకొలత 12 నుంచి 15 మైక్రాన్లు. ఫంగస్ తంతువు పదుల మైక్రాన్లు మొదలుకుని వందల మైక్రాన్ల దాకా సాగుతుంది, పైగా కొమ్మలు వేస్తుంది. దాన్ని మింగడం కుదరదు. న్యూట్రోఫిల్స్ తంతువు పొడవునా అంటుకుని తమ ఆయుధాలను బయటికే కుమ్మరిస్తాయి.

ఆ ఆయుధాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ తయారుచేసే ఆక్సిజన్ విషాలు. ఆ ఎంజైమ్ లేని ఎలుకల్లో న్యూట్రోఫిల్స్ వచ్చి చేరినా ఫంగస్ ఆగదు. ఈ ఎంజైమ్ లోపంతో పుట్టిన మనుషులకు క్రానిక్ గ్రాన్యులొమాటస్ డిసీజ్ అనే జబ్బు ఉంటుంది, వాళ్లకు ఒంట్లో ఎక్కడైనా ఆస్పర్‌జిల్లస్ ప్రమాదమే. రెండోది ఆకలితో మాడ్చడం. కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ జింకునూ మాంగనీసునూ పట్టేసుకుంటుంది, లాక్టోఫెరిన్ ఇనుమును పట్టేసుకుంటుంది. ఇవి లేక తంతువు ఎదుగుదల మందగిస్తుంది. ఫంగస్ కూడా ఊరుకోదు. ఇనుమును లాగే సిడెరోఫోర్ అణువులను బయటికి వదులుతుంది, ఆక్సిజన్ విషాలను విరిచేసే కాటలేజ్, థయోరెడాక్సిన్ లాంటివి తయారుచేసుకుంటుంది. ఎవరిది పైచేయి అన్నది రోజుల తరబడి తేలదు. ఆ రోజులన్నీ పోరు నడిచేది మీ స్ట్రోమాలోనే.

న్యూట్రోఫిల్స్ కుమ్మరించే వాటిలో ఎలాస్టేజ్, ఎంఎంపీ-8, ఎంఎంపీ-9 అనే ఎంజైమ్‌లూ ఉంటాయి. వీటి పని కణజాలాన్ని కోయడం. వాటికి ఫంగస్ తంతువు ఏదో, కొలాజెన్ పోగు ఏదో తేడా తెలియదు. ఫంగస్ సొంతంగా వదిలే, ప్రొటీన్లను కోసే ప్రొటియేజ్‌లు తోడవుతాయి. స్ట్రోమా కణాలు కూడా ఈ గందరగోళంలో రెచ్చిపోయి అవే ఎంజైమ్‌లను తయారుచేస్తాయి. పడుగు దారాల వరస తెగుతుంది. కరుగుదల ఎక్కువైతే కార్నియా పలచబడి, చివరికి డెసిమెట్ పొర అనే సుమారు 10 మైక్రాన్ల పలచటి పొర మాత్రమే మిగిలి, నల్లటి చిన్న బుడగలా ముందుకు ఉబ్బుతుంది. అది చిట్లితే కంటికి చిల్లు పడినట్టే. ఇంకో సంగతి, తంతువులు చిల్లు పడని డెసిమెట్ పొరను కూడా దాటి ముందు గదిలోకి పోగలవు. బాక్టీరియా పుండులో ముందు గది అడుగున పేరుకునే చీము మామూలుగా క్రిములు లేని కణాల గుంపు. ఫంగస్ పుండులో అలా అనుకోవడానికి వీల్లేదు, ఆ చీములో తంతువులు ఉండవచ్చు.

మందు వేస్తున్నా కొన్నిరోజులు మచ్చ తగ్గినట్టు కనిపించకపోవడానికీ, ఒక్కోసారి పెరిగినట్టు అనిపించడానికీ కారణం కూడా ఇదే. నటామైసిన్ తంతువును చంపినా ఆ కళేబరం స్ట్రోమాలోనే ఉంటుంది. దాని గోడలో బీటా-గ్లూకాన్ అలాగే ఉంటుంది, డెక్టిన్-1 దాన్ని చూస్తూనే ఉంటుంది, పిలుపు సంకేతాలు పోతూనే ఉంటాయి. ఫంగస్ చచ్చిన తర్వాత కూడా రక్షణ కణాలు సర్దుకోవడానికి వారాలు పడుతుంది. మూడు వారాలకు చూపు మసకగా ఉండటం ఫంగస్ పుండులో అసాధారణం కాదు.

ఆ మూడు వారాల్లో గమనించాల్సింది చూపు పరీక్షలో చదివే అక్షరాలు కాదు, పుండు అంచులు. మొదట్లో అంచు దూదిని పీకినట్టు, ఈక కొసల్లా చెదిరి ఉంటుంది. పక్కన చిన్న చిన్న పిల్ల మచ్చలు ఉండవచ్చు. పైభాగం పొడిగా, కాస్త లేచినట్టు ఉంటుంది. మానుతున్న పుండులో ముందు ఆ ఈకలు మొద్దుబారి అంచు గుండ్రబడుతుంది, మచ్చ చిక్కదనం తగ్గుతుంది, ఎపిథీలియం చుట్టూ నుంచి లోపలికి పాకుతుంది, చీము మట్టం దిగుతుంది. ప్రతిసారీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు రెండు కొలతలు రాయించుకోండి: మచ్చ పొడవు వెడల్పులు మిల్లీమీటర్లలో, ఎపిథీలియం లేని భాగం పొడవు వెడల్పులు మిల్లీమీటర్లలో. కంటి ఎరుపు, నొప్పి నమ్మదగిన కొలతలు కావు. ఒక హెచ్చరిక, నటామైసిన్ తెల్లటి సస్పెన్షన్ (కరగని పొడి కలిసిన ద్రవం), పుండు గుంటలో పిండిలా అంటుకుని ఉండిపోతుంది. దాన్ని చూసి మచ్చ పెరిగిందని భయపడేవాళ్లు ఉన్నారు. డాక్టరు దాన్ని తుడిచాకే కొలవాలి.

చుక్కల మందు విషయానికొస్తే, 5 శాతం నటామైసిన్‌దే ఇప్పటికీ మొదటి స్థానం. అది ఫంగస్ పొరలో ఉండే కొవ్వు పదార్థం ఎర్గోస్టెరాల్‌కు అతుక్కుని పని చేస్తుంది. 2013లో ప్రచురితమైన మట్-1 అనే పరిశోధనలో 323 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు నటామైసిన్, రెండో జట్టుకు 1 శాతం వోరికొనజోల్ చుక్కలు ఇచ్చారు. వోరికొనజోల్ కార్నియాలోకి ఎక్కువగా ఇంకుతుంది కాబట్టి అదే గెలుస్తుందని చాలామంది అనుకున్నారు. నటామైసిన్ జట్టుకే చూపు మెరుగ్గా వచ్చింది, ఫ్యుజేరియం ఉన్నవాళ్లలో ఆ తేడా మరీ స్పష్టం. కాబట్టి ఫ్యుజేరియం అని తేలిన మనిషికి నటామైసిన్ ఇవ్వడం సరైన నిర్ణయమే. దాని బలహీనత ఒక్కటే, లోతుకు ఇంకదు. అందుకే ఆ పరిశోధనలో మొదటి వారం మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి, తర్వాత మూడు వారాలు నిండే దాకా రెండు గంటలకోసారి వేశారు. చాలామంది డాక్టర్లు మొదటి రెండు రోజులు రాత్రి కూడా వేయమంటారు. సీసాను ప్రతిసారీ బాగా కుదపాలి, లేకపోతే మందు అడుగునే ఉండిపోయి కంట్లో పడేది నీళ్లే. కింది రెప్ప లాగి ఒక్క చుక్క చాలు. మరో చుక్కల మందు కూడా ఉంటే మధ్యలో 5 నిమిషాలు ఆగాలి, వెంటనే వేస్తే మొదటిది కొట్టుకుపోతుంది. ఆస్పర్‌జిల్లస్‌కో, కాండిడా అనే మరో ఫంగస్‌కో, నటామైసిన్‌కు లొంగని లోతైన పుండుకో వోరికొనజోల్, 0.15 శాతం ఆంఫోటెరిసిన్ బి లాంటివి తోడు చేస్తారు. నోటి ద్వారా వోరికొనజోల్ కలిపితే చిల్లులు తగ్గుతాయేమోనని 240 మంది మీద చేసిన మట్-2లో మొత్తం మీద లాభం కనిపించలేదు.

పైపైన వదులైన కణజాలాన్ని డాక్టరు గీకి తీసేస్తుంటే భయపడవద్దు. దానితో చచ్చిన తంతువుల భారమూ తగ్గుతుంది, మందూ లోపలికి దిగుతుంది. మట్-1 సమాచారం చెప్పిన ఇంకో ఉపయోగకరమైన విషయం ఉంది. ఆరో రోజున మళ్లీ గీకిన నమూనాలో ఫంగస్ ఇంకా పెరిగితే ఆ కంటికి చిల్లు పడే, కార్నియా మార్చాల్సివచ్చే ప్రమాదం ఎక్కువ. మూడు వారాలైనా ఎపిథీలియం మూసుకోకపోతే మళ్లీ గీకి చూశారా అని తప్పక అడగండి. పుండు మానకపోవడానికి మూడు కారణాలు ఉండవచ్చు: ఫంగస్ బతికే ఉండటం, తోడుగా బాక్టీరియా చేరటం, లేదా గంటగంటకూ పడే మందే ఎపిథీలియాన్ని మాననివ్వకపోవడం. మూడింటికీ వైద్యం వేర్వేరు. మొదటిదానికి మందు పెంచాలి, చివరిదానికి తగ్గించాలి. చూసి ఊహించడం కాదు, నమూనా తీసి తేల్చాలి.

ఇక స్టెరాయిడ్. కార్నియాను కరిగించేది మన కణాలే అయితే వాటిని అణిస్తే పోదా అని అడగడం తప్పేమీ కాదు, ఆ తర్కం వినడానికి సరిగ్గానే ఉంది. లోపం ఎక్కడంటే, ఫంగస్‌ను ఆపేది ఆ కణాలే. స్టెరాయిడ్ చుక్క పడగానే రక్తనాళాలు బిగుస్తాయి, పిలుపు అణువులు తగ్గుతాయి, కొత్త న్యూట్రోఫిల్స్ రావడం తగ్గుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. మనిషి కుదుటపడ్డానని అనుకుంటాడు. ఆ నిశ్శబ్దంలో తంతువులు అడ్డూ ఆపూ లేకుండా లోతుకు దిగుతాయి. నటామైసిన్ పైపైనే పనిచేస్తుందని చెప్పుకున్నాం కదా, లోతుకు దిగిన ఫంగస్ దాని చేతికి చిక్కదు. తిరిగి నొప్పి మొదలయ్యేసరికి చీము ముందు గదిలో ఉంటుంది. ఫంగస్ అని తేలకముందే ఎవరో ఇచ్చిన యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వాడి వచ్చిన కళ్లలో ఫలితాలు దారుణంగా ఉండేది ఇందుకే. కంటికి ఆకో, పుల్లో, మట్టో తగిలి ఎర్రబడినప్పుడు సొంతంగా చుక్కలు కొనుక్కుని వేసుకోవద్దని ఇంత గట్టిగా చెప్పేది కూడా ఇందుకే. సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథోలోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడే. పుండు వచ్చాక అలాంటిదేదైనా ఇప్పటికే వేసి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. హఠాత్తుగా ఆపినప్పుడు అణిగి ఉన్న మంట ఒక్కసారిగా లేస్తుంది. అది తెలిస్తే కొత్త ఎరుపును చూసి మందు పనిచేయలేదని పొరబడరు.

బాక్టీరియా పుండుకు కొన్నిసార్లు స్టెరాయిడ్ ఇస్తారు కదా అనవచ్చు. నిజమే. కానీ అక్కడ యాంటీబయాటిక్ ఒకటి రెండు రోజుల్లో క్రిములను చాలావరకు చంపేస్తుంది, ఆ తర్వాతే ఇస్తారు. దాన్ని పరీక్షించిన స్కట్ అనే పరిశోధనలో 500 మంది ఉన్నారు, ఫంగస్ పుండ్లున్నవాళ్లను మొదటే పక్కన పెట్టారు. ఆ 500 మందిలోనూ మొత్తం మీద మూడు నెలల నాటి చూపులో తేడా రాలేదు. ఫంగస్ మందులకు అంత వేగం లేదు. ఎపిథీలియం పూర్తిగా మూసుకుని, మచ్చ చదునై, వారాల తరబడి పెరుగుదల లేదని తేలాక, ఫంగస్ మందు కొనసాగిస్తూ కొద్ది మోతాదులో స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్నది కార్నియా నిపుణుడు ఆ కంటిని చూసి తీసుకోవాల్సిన నిర్ణయం. చాలామంది అప్పుడూ ఇవ్వరు. ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం.

మరి కరిగించే ఎంజైమ్‌ల సంగతి? వాటిని మాత్రమే కొంత ఆపే దారి ఉంది. డాక్సీసైక్లిన్ బాక్టీరియా మందే అయినా, జింకును పట్టుకునే గుణం వల్ల ఎంఎంపీ ఎంజైమ్‌లకు అడ్డుపడుతుంది, న్యూట్రోఫిల్స్‌ను మాత్రం చేతులు కట్టి కూర్చోబెట్టదు. కరుగుదల మొదలైన కంటికి 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు తోడుగా ఇస్తారు. గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు పనికిరాదు. కంటిపాపను వెడల్పు చేసే హోమాట్రోపిన్, అట్రోపిన్ చుక్కలు నొప్పినీ, ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) కటకానికి అతుక్కోవడాన్నీ తగ్గిస్తాయి. నొప్పికి మాత్రలు వాడుకోండి, చుక్కలు వద్దు. డైక్లోఫినాక్, కెటొరొలాక్ చుక్కలు స్టెరాయిడ్‌లు కాకపోయినా, ఎపిథీలియం లేని కార్నియా వాటితో కరిగిన సందర్భాలు ఉన్నాయి. కంటికి కట్టు కట్టవద్దు, మూసిన రెప్ప కింద నిలిచే తేమ ఫంగస్‌కే మేలు.

ఇమ్యూనిటీ పెంచుతామనే మాత్రలు, పొడులు ఈ పుండుకు ఏమీ చేయవు. ఇక్కడ కణాల కొరత లేదు, అవి అవసరానికి మించే వచ్చి ఉన్నాయి. ఎలుకల్లో, రక్షణ స్పందన మరీ తక్కువైతే ఫంగస్ పెరిగింది, మరీ ఎక్కువైతే కార్నియా మసకబారింది. కావలసింది కొలత, పెంపు కాదు. చేయదగ్గది ఒకటే, షుగర్ లేదనుకున్నవాళ్లు కూడా ఒకసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోవాలి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే న్యూట్రోఫిల్స్ నడక, చంపే శక్తి మందగిస్తాయి, ఎపిథీలియం మానడమూ ఆలస్యమవుతుంది.

రోగనిరోధక శక్తి నిజంగా పడిపోయినప్పుడు వచ్చే కంటి ఫంగస్‌లు వేరు, వాటి తీరు వేరు. రక్తనాళంలో రోజుల తరబడి గొట్టం ఉన్నవాళ్లలో, ఎక్కువకాలం యాంటీబయాటిక్‌లు వాడినవాళ్లలో కాండిడా రక్తం ద్వారా కంటి వెనక తెర అయిన రెటీనాకు చేరుతుంది. కార్నియా బాగానే ఉంటుంది, చూపు లోపలి నుంచి పోతుంది. చుక్కల మందు అక్కడికి అందదు. ఒంటికి ఫంగస్ మందు ఎక్కిస్తారు, కంటిని నింపి ఉండే జెల్లీ అయిన విట్రియస్‌కు పాకితే కంటి లోపలికే ఇంజెక్షన్ ఇస్తారు. కోవిడ్ రోజుల్లో బ్లాక్ ఫంగస్ అని భయపెట్టిన మ్యూకర్ మరో రకం. షుగర్ అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారితే, ఇనుమును మోసే ప్రొటీన్ దాన్ని వదిలేస్తుంది. మ్యూకర్‌కు అదే తిండి. అదే సమయంలో న్యూట్రోఫిల్స్ నీరసించి ఉంటాయి, పైన స్టెరాయిడ్ పడితే ఇంకా నీరసిస్తాయి. సైనస్ నుంచి కంటి గూటిలోకి పాకి, రక్తనాళాల్లో దూరి, గడ్డ కట్టించి, రెటీనాకు రక్తం ఆపేస్తుంది. అక్కడ చూపు గంటల్లో పోతుంది. షుగర్ ఉన్న మనిషికి ముఖం ఒక పక్క నొప్పి, రెప్ప వాలడం, రెండుగా కనిపించడం, ముక్కులో నల్ల పొక్కు, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. కార్నియా పుండు ఉన్న మనిషి దీని గురించి భయపడాల్సిన పనిలేదు, రెండూ ఒకటి కాదు.

చూపు ఎంత తిరిగి వస్తుందన్నది ప్రధానంగా మచ్చ ఎక్కడ పడిందన్నదాని మీద ఉంటుంది. కంటిపాపకు ఎదురుగా 2 మిల్లీమీటర్ల మచ్చ చదవడాన్ని దెబ్బతీస్తుంది, అంచున 4 మిల్లీమీటర్ల మచ్చ ఉన్నా మనిషికి పెద్దగా తెలియకపోవచ్చు. పుండు మానాక మూడు నుంచి ఆరు నెలల పాటు మచ్చ కొంత పలచబడుతూ పోతుంది. ఆ తర్వాత మిగిలిన మసకలో కొంత కార్నియా ఎగుడుదిగుడు వల్ల వస్తుంది. దానికి గట్టి రకం కాంటాక్ట్ లెన్స్ పెట్టి చూడమనండి. లెన్స్‌కూ కార్నియాకూ మధ్య నిలిచే కన్నీరు ఎగుడుదిగుళ్లను పూడుస్తుంది, కళ్లజోడుతో రాని చూపు ఒక్కోసారి దీనితో వస్తుంది. దానికీ లొంగకపోతేనే మార్పిడి గురించి ఆలోచించాలి.

మార్పిడిలోనూ రోగనిరోధక వ్యవస్థే తీర్పు చెబుతుంది. ప్రశాంతంగా ఉన్న, రక్తనాళాలు లేని కార్నియాలో పెట్టిన పరాయి కార్నియాను ఒళ్లు చాలావరకు సహిస్తుంది. పుండు మానే క్రమంలో మచ్చలోకి రక్తనాళాలు పాకితే ఆ సహనం తగ్గుతుంది, వాటి వెంట తెల్లకణాలు వచ్చి కొత్త కార్నియాను తిరస్కరిస్తాయి. అందుకే చూపు కోసం చేసే మార్పిడికి కన్ను పూర్తిగా చల్లబడేదాకా నెలల తరబడి ఆగుతారు. చిల్లు పడినప్పుడో, మందులకు లొంగకుండా పుండు అంచుకు పాకుతున్నప్పుడో అలా ఆగే వీలుండదు. అప్పుడు కన్ను నిలపడానికి, మచ్చ చుట్టూ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఆరోగ్యంగా కనిపించే భాగంతో కలిపి కోసి తీసి, కొత్తది కుడతారు. సాధారణ మార్పిడిలో మర్నాటి నుంచే స్టెరాయిడ్ చుక్కలు వేస్తారు. ఫంగస్‌కు చేసిన దానిలో మాత్రం మొదటి రోజుల్లో వేయరు. నటామైసిన్ కొనసాగిస్తూ, కోసి తీసిన ముక్క అంచుల్లో తంతువులు ఉన్నాయా అన్న ల్యాబ్ ఫలితం కోసం చూస్తారు. అంచులు శుభ్రంగా ఉన్నాయని తేలాక, ఫంగస్ తిరగబెట్టడం లేదని కొన్నిరోజులు చూశాక స్టెరాయిడ్ మెల్లగా మొదలుపెడతారు. కొందరు ఈలోపు సైక్లోస్పోరిన్ చుక్కలు వాడతారు. అది తిరస్కరణనూ తగ్గిస్తుంది, స్వయంగా ఫంగస్‌కు కొంత వ్యతిరేకం కూడా. శస్త్రచికిత్స దాకా వెళ్లాల్సివస్తే, ముక్కను పరీక్షకు పంపుతున్నారా, ఆ ఫలితం వచ్చేదాకా స్టెరాయిడ్ ఆపుతున్నారా అని ముందే అడిగి తెలుసుకోండి.